అవ్వ సున్నిపిండి నుంచి మైసూరు సబ్బు దాకా: కొత్తగా సబ్బు చేసేవాళ్లకు కొంచెం చరిత్ర, కొంచెం ధైర్యం

పోయిన దసరా సెలవుల్లో మా చెల్లెలి కూతురు మా ఇంటికొచ్చి వంటింటి వెనక వరండాలో సబ్బు చేసింది. ఫోనులో ఏదో వీడియో చూసి, అందులో చెప్పినట్టే కప్పులతో కొలిచి, నూనె పోసి, సోడా కలిపి, చివర్లో "మన పద్ధతిలో ఉండాలి" అని రెండు చెంచాల పసుపు వేసింది. పసుపు పడగానే ముద్దంతా ఇటుకరాయి రంగుకు తిరిగింది. మరుసటిరోజు అచ్చులోంచి తీస్తే బిస్కట్టులా పొడి పొడిగా విరిగింది. తాకితే వేలు చుర్రుమంది. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, "పెద్దమ్మా, అవ్వకాలం వాళ్లు ఇంట్లో అన్నీ చేసుకునేవాళ్లంట. నాకు ఇదొక్కటి కూడా రాలేదు" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. చేతకాలేదని అన్నందుకు కాదు. అవ్వకాలం వాళ్లు సబ్బు చేసుకునేవాళ్లనే ఆ నమ్మకమే తప్పు. ఆ తప్పు నమ్మకమే పిల్లను ఇంకా కుంగదీసింది. కాబట్టి ఈసారి మన బ్లాగులో ఈ సంగతే రాస్తున్నా. మన ఇళ్లల్లో కొత్తగా సబ్బు మొదలుపెట్టే పిల్లలందరికీ పనికొస్తుంది.

అవ్వ సబ్బు చేయలేదు

నిజం చెప్పుకుందాం. మా అవ్వ జన్మలో సబ్బు చేయలేదు. వాళ్లమ్మా చేయలేదు. వాళ్లకా అవసరమే పడలేదు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ, శీకాయ, పండగనాడు నలుగు. గిన్నెలకు బూడిద, చింతపండు. బట్టలకు చాకలివాళ్లు తెచ్చే చౌడు మన్ను. దాన్నే ఇక్కడ కన్నడంలో చౌళు మణ్ణు అంటారు. మాలాంటి కోలారు వైపు ఇళ్లల్లో రెండు మాటలూ వాడేవాళ్లం.

వీటిలో ఏదీ సబ్బు కాదు. కానీ ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంది. కుంకుడుకాయలో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. నీళ్లలో నలిపితే నురగ వస్తుంది, జిడ్డు వదులుతుంది. పాశ్చాత్య శాస్త్రవేత్తలు ఆ చెట్టుకు పెట్టిన సాపిండస్ అనే పేరుకు అర్థమే "భారతీయ సబ్బు". సున్నిపిండిలో పెసలు, శనగలు జిడ్డును పీల్చుకుంటాయి, కచ్చూరాలు వాసననిస్తాయి. చౌడు మన్నులో సోడియం కార్బొనేటు ఉంటుంది, అంటే చాకలి సోడా. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. రెండూ క్షారాలే. జిడ్డు గిన్నెను బూడిదతో రుద్దినప్పుడు వేళ్లకు తగిలే ఆ జారుడుతనం ఉంది చూడండి, అది సబ్బుకు అతి దగ్గరి చుట్టం. జిడ్డూ క్షారమూ కలిస్తే పుట్టేదే సబ్బు.

సబ్బు అన్న మాట కూడా మన నేల మీద పుట్టింది కాదు. అరబ్బుల సాబూన్, పోర్చుగీసుల సబావ్, మరాఠీవాళ్ల సాబణ్, మన సబ్బు అన్నీ ఒకే గూటి పక్షులు. వస్తువుతోపాటే మాటా ఓడెక్కి వచ్చింది. ఇందులో చిన్నతనమేమీ లేదు. మిరపకాయ కూడా అలా వచ్చిందే. ఇప్పుడు మిరపకాయ లేని తెలుగిల్లు ఎక్కడుంది?

సబ్బు చదువు ఎప్పుడు మొదలైంది

నూనె, క్షారం కలిపితే సబ్బు వస్తుందని పశ్చిమ దేశాలవాళ్లకు చాలా శతాబ్దాలుగా తెలుసు. ఎందుకు వస్తుందో మాత్రం వాళ్లకూ తెలియదు. రెండు మెట్లు దాటాక గాని అది అందరి చేతికీ అందలేదు.

మొదటి మెట్టు 1791లో. ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ అనే ఆయన సముద్రపు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి హక్కుపత్రం పొందాడు. అంతవరకు బూడిద మీద ఆధారపడిన సోడా ఫ్యాక్టరీ సరుకయింది. రెండో మెట్టు మిషెల్ షెవ్రల్ పరిశోధన. 1811లో ఒక సబ్బు నమూనా చేతికొస్తే దాన్ని విడదీసి చూడడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ల తర్వాత, 1823లో, కొవ్వుల మీద తన పుస్తకం అచ్చువేశాడు. కొవ్వు అంటే కొన్ని ఆమ్లాలు గ్లిసరిన్‌ను పట్టుకుని ఉండడమేనని, క్షారం వచ్చి ఆ ఆమ్లాలను తనవైపు లాక్కుంటే సబ్బు అవుతుందని, గ్లిసరిన్ విడిగా మిగులుతుందని తేల్చాడు.

అంటే సబ్బు సంగతి తెలియడానికి ఆయనంతటివాడికి పన్నెండేళ్లు పట్టింది. మా పిల్లకు ఒక్క మధ్యాహ్నం సరిపోలేదని ఏడిస్తే ఎట్లా?

మైసూరు కూడా కొత్తగా నేర్చుకుందే

మన ఇళ్లల్లో పెళ్లి చీరల మడతల మధ్య మైసూరు శాండల్ సబ్బు పెట్టడం ఎరగనివాళ్లు ఉండరు. సబ్బు అరిగిపోయినా ఖాళీ డబ్బా బీరువాలో ఉండిపోయేది. ఆ సబ్బు కథ వింటే, కొత్తగా చేసేవాళ్లకు అంతకు మించిన ధైర్యవచనం ఇంకోటి ఉండదు.

మైసూరు సీమ గంధపు చెక్కకు పుట్టిల్లు. టిప్పు సుల్తాను కాలంలోనే, 1792లో, గంధపు చెట్టును రాజుగారి చెట్టుగా ప్రకటించారు. కానీ వందేళ్లు దాటినా మనం అమ్మింది చెక్కనే. చెక్క వేలంలో పోయి, ఓడెక్కి, ఎక్కువ భాగం జర్మనీకి చేరేది. తైలం తీసేది అక్కడ. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ దారి మూసుకుపోయింది. చెక్క గుట్టలుగా మిగిలింది. కొనేవాడు లేడు.

అప్పుడు రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరే చెబుతుంది వాళ్ల మూలం ఎక్కడో. ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుంచి ముద్దేనహళ్లికి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. మనలాగే వలస వచ్చి ఈ నేలను తమదిగా చేసుకున్నవాళ్లు. పరిశ్రమల శాఖ చూసేది ఆల్ఫ్రెడ్ చాటర్టన్. బెంగుళూరులోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అదే ఇప్పటి ఐఐఎస్‌సీలో, సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు గంధపు చెక్క నుంచి తైలం తీసే ప్రయోగాలు చేశారు. 1916లో బెంగుళూరులో తైలం తీయడం మొదలైంది. ఆ వెనకే మైసూరులోనూ కార్ఖానా వచ్చింది.

తైలం వచ్చింది సరే, దానితో ఏం చేయాలి? ఒక కథ చెబుతారు. విదేశాల నుంచి వచ్చిన అతిథులు మన గంధపు తైలంతోనే చేసిన సబ్బులు తెచ్చి మహారాజుకు కానుకిచ్చారట. మన తైలంతో వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేం అని ఆయనకు తోచిందట. కథలో పాలెంతో నీళ్లెంతో గాని, తర్వాత జరిగింది మాత్రం చరిత్ర. ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్న ఎస్. జి. శాస్త్రి అనే యువకుడిని సబ్బు విద్య నేర్చుకోమని ఇంగ్లండు పంపారు. ఆయన నేర్చుకుని వచ్చాక బెంగుళూరులో ప్రభుత్వ సబ్బు కార్ఖానా నడిచింది. జనం ఆయన్ని "సోప్ శాస్త్రి" అనే పిలిచేవాళ్లు. కోడిగుడ్డు ఆకారం సబ్బు, నగల పెట్టెలాంటి డబ్బా, ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న శరభం గుర్తు. అన్నీ ఈ వూళ్లో పుట్టినవే. 1957లో కార్ఖానా రాజాజీనగరుకు మారింది. 1980లో అది కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ అయింది. 2006లో ఆ సబ్బుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇక్కడ గమనించాల్సిందేమంటే, ఒక రాజ్యానికే సబ్బు చేయడం రాదు. రాదని ఒప్పుకుంది. ఒకరిని పంపి నేర్పించుకుంది. గంధం మన పూర్వీకులనాటిది. సబ్బు మాత్రం మనం కొత్తగా పట్టుదలగా నేర్చుకున్నది. రెండూ కలిసిన చోట మైసూరు శాండల్ పుట్టింది.

ఇది పెద్ద కార్ఖానాలకే పరిమితం కాలేదు. గాంధీగారు 1941లో రాసిన నిర్మాణ కార్యక్రమంలో దంపుడు బియ్యం, గానుగ నూనె, చేతి కాగితాలతోపాటు సబ్బు తయారీని కూడా గ్రామ పరిశ్రమల జాబితాలో చేర్చారు. అంటే ఎనభై ఏళ్ల కిందటే ఇది మామూలు మనుషుల చేతి పని కావాలని కోరుకున్నవాళ్లున్నారు.

ఇక మన వరండాలోకి వద్దాం

మా పిల్ల సబ్బు ఎందుకు చెడింది? కప్పులతో కొలవడం వల్ల. పప్పుకు, పులుసుకు చేతి అంచనా సరిపోతుంది. సబ్బుకు సరిపోదు. ప్రతి నూనె తనకు కావలసినంత కాస్టిక్ సోడానే తీసుకుంటుంది. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18.3 గ్రాములు. వేరుశెనగ నూనెకు 13.6. ఆముదానికి 12.8. సోడా ఎక్కువైతే తినడానికి నూనె దొరక్క సబ్బులోనే మిగిలిపోతుంది. చుర్రుమన్నది అదే. పొడి పొడిగా విరిగిందీ అందుకే. అందుకని లెక్కకన్నా సోడా కాస్త తగ్గించి, కొంచెం నూనె మిగిలేలా చూసుకుంటారు. ఒంటికి అదే మెత్తదనం.

మొదటిసారికి ఈ కొలత పెట్టుకోండి. అన్నీ తూకంలోనే, నీళ్లు కూడా.

కొబ్బరినూనె 300 గ్రాములు
వేరుశెనగ నూనె 150 గ్రాములు
ఆముదం 50 గ్రాములు
కాస్టిక్ సోడా 75 గ్రాములు
నీళ్లు 160 గ్రాములు

లెక్క ప్రకారం ఈ నూనెలకు సుమారు 81.7 గ్రాముల సోడా పడుతుంది. 75 దగ్గర ఆపుతున్నాం కాబట్టి వందకు ఎనిమిది పాళ్ల నూనె మిగులుతుంది. నూనె మారిస్తే సోడా లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. "కొబ్బరినూనె లేదు, నువ్వులనూనె పోద్దాం" అని అదే కొలతతో చేయకూడదు.

సోడా విషయంలో భయం వద్దు గాని భక్తి ఉండాలి. అది చర్మాన్ని కాలుస్తుంది, కంటిని పోగొడుతుంది. కాబట్టి:

కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చిన్నపిల్లలూ పిల్లీ కుక్కా ఆ చాయలకు రాకూడదు. గాలి ఆడే చోట చేయండి, ఆవిరి పీల్చకండి.

గిన్నెలు స్టీలువే వాడండి. అల్యూమినియం గిన్నె ముట్టుకోవద్దు. సోడా దాన్ని తినేసి, మండే వాయువును వదులుతుంది. సబ్బుకు వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటకు వద్దు.

నీళ్లలో సోడా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు. ఇది తలకిందులైతే పొంగి ముఖాన చిమ్ముతుంది. మా పిల్ల చేత ఈ వాక్యం పదిసార్లు చెప్పించా.

ఒంటి మీద చింది పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడగాలి. వెనిగర్ పూయడం, నిమ్మకాయ రుద్దడం వద్దు. కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడి వేరు, సబ్బుకు వాడే కాస్టిక్ సోడా వేరు. ఆ పొడిలో వేరే సరుకులు కలుపుతారు. డబ్బా మీద శుద్ధి శాతం రాసి ఉన్నదే కొనండి, 98 పైన ఉంటే మంచిది.

ఇక పని. నీళ్లలో సోడా కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. నీళ్లు మరిగినట్టు వేడెక్కుతాయి, పక్కన పెట్టి చల్లారనివ్వండి. నూనెలు గోరువెచ్చగా చేయండి. రెండూ సుమారు 40 డిగ్రీలకు వచ్చాక, సోడా నీళ్లను నూనెలో సన్నని ధారగా పోస్తూ కలపండి. చేత్తో అయితే అరగంటో ముప్పావుగంటో పట్టొచ్చు. చేతి బ్లెండరుతో అయితే కొన్ని నిమిషాలే.

ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో అసలు విద్య. ఇంగ్లీషు వీడియోల్లో దానికేదో పేరు చెబుతారు. మనకు పాకం అన్న మాట ఉండగా వేరే మాటెందుకు? మైసూరుపాకు చేసే ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు తీగపాకానికీ ముదురుపాకానికీ తేడా ఒకరు చెప్పాలా! గరిటెతో పైన ఒక చుక్క వదలండి. అది మునిగిపోకుండా గీతలా నిలిచిందా, అదే పాకం. నేను దాన్ని గీతపాకం అంటున్నా. మీ ఇంట్లో వేరే మాట పుడితే ఇంకా మంచిది.

పాకం రాగానే బటర్ పేపరు పరిచిన పాల డబ్బాలోనో సిలికాన్ అచ్చులోనో పోయండి. ఒకటి రెండు రోజులయ్యాక, గ్లౌజులు వేసుకునే బయటికి తీసి ముక్కలు కోయండి. గాలి తగిలే నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి. ఆవకాయ ఊరాలని ఆగుతాం కదా, ఇదీ అంతే. తొందరపడి వాడితే మెత్తగా కరిగిపోతుంది. వాడేముందు పీహెచ్ కాగితంతో చూడండి. 9, 10 మధ్య ఉంటే సరే. 11 దాటినా, సబ్బులో తెల్లటి గూళ్లు కనిపించి నీరు కారుతున్నా దాన్ని ఒంటికి వాడొద్దు.

పసుపు గుట్టు

మరి పసుపు ఎందుకు ఎర్రబడింది? అవ్వ ఉంటే నవ్వేది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడదా? బట్టల మీది పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడదా? క్షారం తగిలితే పసుపు అలాగే చేస్తుంది. కాబట్టి సబ్బు ఎర్రబడిందంటే చెడిపోయిందని అర్థం కాదు. మంచి సబ్బులోనూ పసుపు రంగు మారుతుంది. మా పిల్ల రంగు చూసి ఏడ్చింది, అది తప్పే కాదు. అసలు తప్పు కప్పులో ఉంది.

ఇలాంటిదే ఇంకో సంగతి. బోరు నీళ్లతో స్నానం చేస్తే మీ సబ్బు నురగ తక్కువగా వచ్చి బకెట్టులో తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలోని సున్నం సబ్బును పట్టుకోవడం వల్ల వచ్చేది అది. సబ్బు చేసేటప్పుడు మాత్రం డిస్టిల్డ్ నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడండి.

మొదటి మూడు సార్లు వాసనా, రంగూ, పూలరెక్కలూ ఏమీ వద్దు. గంధపు తైలమైతే అసలే వద్దు, దాని ఖరీదు తెలుసు కదా. ఉత్త సబ్బు చేయడం వచ్చాక అలంకారం. ఇంకోమాట, మీ సబ్బు బాగా కుదిరితే చుట్టాలకు పంచండి. అమ్మాలంటే మాత్రం మన దేశంలో స్నానపు సబ్బు సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు కావాలి. అది తెలుసుకున్నాకే అంగడి మాట.

కొలత రాసిపెట్టండి

చివరిగా నా బాధ ఒకటి చెప్పాలి. మా అవ్వ సున్నిపిండి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. చానా ఇళ్లవాళ్లు అడిగి పట్టుకెళ్లేవాళ్లు. కానీ దాని కొలత మాలో ఎవరికీ తెలియదు. "ఇంత కచ్చూరం, అంత ఆవంచ" అని చేత్తో చూపించేది. ఆ చెయ్యి పోయింది, కొలతా పోయింది. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ వాసన రాలేదు.

మైసూరు సబ్బు వందేళ్లు దాటి నిలిచిందంటే, అక్కడి పని కొలతల మీద నడిచింది కాబట్టి. మన ఇంటి విద్య ఒక్క తరంలో పోయిందంటే, మనం రాయలేదు కాబట్టి. మనమే ఆ తప్పు చేశాం.

అందుకే మా పిల్ల రెండోసారి కూర్చున్నప్పుడు ఒక నోటుపుస్తకం ఇచ్చి, తేదీ, తూకం, ఎండగా ఉందా ముసురుగా ఉందా, గీత ఎంతసేపటికి నిలిచింది, అన్నీ రాయమన్నా. తెలుగులోనే రాయమన్నా. ఇక్కడ బడిలో కన్నడం, ఇంగ్లీషే కాబట్టి దాని తెలుగు అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. "ఆముదం" రాయడానికి నన్ను రెండుసార్లు అడిగింది. పరవాలేదు. ఆ సబ్బు కూడా ఒక పక్క కొంచెం వంగే వచ్చింది. నెలన్నర ఆరాక దాంతోనే స్నానం చేశాం. చుర్రుమనలేదు.

మొదటి అచ్చు పగిలినవాళ్లంతా రెండోది పోయండి. పగిలినదాని తూకం కూడా పుస్తకంలో ఉండాలి.